పీడీఎఫ్ అయితే చాలదు, లోపల ఏముందో చూడాలి

సంపాదకుల వారికి నమస్కారం.

పాత కాగితాలను స్కాన్ చేసి దాచుకోవడం గురించి మీ టెక్నాలజీ పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. విషయం మంచిదే, అందరికీ పనికొచ్చేదే. కానీ "జేపీజీ కంటే పీడీఎఫ్ మేలు, అందులో క్వాలిటీ పోదు" అని ఒక్క ముక్కలో తేల్చేశారు చూడండి, నా పేచీ అక్కడే. ఇప్పటికే చాలామంది ఇదే నమ్ముతున్నారు, ఇక పత్రికలో కూడా అచ్చయ్యాక ఎవరు చెప్పినా వినరు.

పీడీఎఫ్ ఒక సంచి లాంటిది. లోపల ఏం పెట్టారో పైనుంచి చూస్తే తెలీదు. స్కాన్ చేసిన పీడీఎఫ్‌లో ఉండేది ఒక బొమ్మ, ఫోన్ యాప్‌తో చేస్తే చాలాసార్లు అది జేపీజీయే. అంటే మీరు వద్దన్న జేపీజీనే చుట్టబెట్టి పీడీఎఫ్ అని పేరు పెట్టి ఇస్తున్నారన్నమాట! పోవాల్సిన క్వాలిటీ సంచిలోకి వెళ్లకముందే పోయింది.

జేపీజీని తిట్టడం నా ఉద్దేశం కాదు. 1992లో ప్రమాణంగా వచ్చిన ఆ పద్ధతి ఫొటోల కోసం పుట్టింది. బొమ్మను 8×8 పిక్సెళ్ల గళ్లుగా కోసి, కంటికి పెద్దగా ఆనని సన్నని వివరాలను పారేస్తుంది. ఆకాశంలోనో మొహంలోనో ఆ తేడా ఎవరూ పట్టుకోలేరు. అక్షరాల దగ్గర మాత్రం దొరికిపోతుంది, ఎందుకంటే తెలుపు మీద నలుపు, అంచు కత్తిలా ఉండాలి. సైజు తగ్గించడానికి బాగా నొక్కేసిన, అంటే కంప్రెస్ చేసిన స్కాన్ ఒకటి తెరిచి 400 శాతానికి పెద్దది చేసి చూడండి, ప్రతి అక్షరం చుట్టూ బూడిద చల్లినట్టు మచ్చలు కనిపిస్తాయి. "ధ" కింద ఉండే చిన్న గీత ఆ మచ్చల్లో కలిసిపోయిందంటే అది "ద"నో "ధ"నో ఇక మీ ఊహకే వదిలేయాలి. వాక్యంలో అయితే సందర్భాన్ని బట్టి సరిపెట్టుకుంటాం, ఇంటిపేరులో అయితే ఏం చేస్తాం? పైగా ఆ ఫైల్ తెరిచి కాస్త కత్తిరించి మళ్లీ సేవ్ చేసిన ప్రతిసారీ ఇంకొంచెం పోతుంది. జేపీజీని పీఎన్‌జీగా, అంటే ఏమీ పారేయకుండా దాచే ఇంకో బొమ్మల ఫార్మాట్‌గా మార్చుకుంటే నాణ్యత పెరుగుతుందని మీ వ్యాసంలో ఇంకో చిట్కా ఉంది, దానికి దయచేసి సవరణ వేయండి. పోయింది తిరిగి రాదు, ఫైల్ సైజు మాత్రం పెరుగుతుంది.

ఇక సైజు గొడవ. ఏ4 కాగితాన్ని 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కల చొప్పున స్కాన్ చేస్తే 2480×3508, అంటే సుమారు 87 లక్షల పిక్సెళ్లు. రంగుల్లో ఏ కంప్రెషనూ లేకుండా ఉంచితే 26 ఎంబీ, గ్రే అయితే 9 ఎంబీకి కాస్త తక్కువ, ఉత్త నలుపు తెలుపైతే 1 ఎంబీ చిల్లర. ఆ నలుపు తెలుపు బొమ్మ మీద ఫ్యాక్స్ కాలం నాటి గ్రూప్ 4 అనే పద్ధతి వాడితే మామూలు టైపు పేజీ కొన్ని పదుల కేబీల్లోకి వచ్చేస్తుంది, అదీ ఒక్క చుక్క పోకుండా! ఇది తెలియక జనం రంగుల జేపీజీని 100 కేబీకి పిండి పిండి అక్షరాలను నాశనం చేసుకుంటున్నారు. అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. నలుపు తెలుపులోకి మార్చేటప్పుడే వెలిసిన ముద్ర, పెన్సిల్‌తో రాసిన నోటు, లేత నీలం సంతకం మాయమైపోవచ్చు. కాబట్టి శుభ్రమైన టైపు పేజీలకే అది. ముద్రలూ సంతకాలూ ఉన్నవాటికి రంగుల్లో, లాస్‌లెస్‌గా, అంటే ఏమీ పారేయకుండా దాచే పద్ధతిలో ఉంచుకోవడమే నయం.

మసకబారితే కనీసం కంటికి తెలుస్తుంది. తెలియకుండా మారిపోతే? 2013లో డేవిడ్ క్రీజెల్ అనే జర్మన్ కంప్యూటర్ శాస్త్రవేత్త బయటపెట్టిన సంగతి ఇదే. జిరాక్స్ కంపెనీ వర్క్‌సెంటర్ యంత్రంలో ఒక ఇంటి ప్లాన్ స్కాన్ చేస్తే, కాగితం మీద 14.13, 21.11, 17.42 అని వేర్వేరుగా ఉన్న మూడు గదుల వైశాల్యాలూ స్కాన్‌లో 14.13గానే వచ్చాయి. అక్షరాలు ఎంత స్పష్టంగా ఉన్నాయంటే అనుమానమే రాదు. జేబిగ్2 అనే కంప్రెషన్‌లో ఒకేలా కనిపించే చిన్న ఆకారాలను ఒక్కసారే దాచి మిగతాచోట్ల అదే అతికించే వీలుంది, దాంతో 6 కాస్తా 8 అయిపోయిన పేజీలూ ఉన్నాయి. తక్కువ క్వాలిటీ సెట్టింగ్‌లోనే ఇలా జరుగుతుందని కంపెనీ మొదట చెప్పింది, తర్వాత మిగతా సెట్టింగుల్లోనూ ఉందని ఒప్పుకుని దాన్ని సరిదిద్దే సాఫ్ట్‌వేర్ ప్యాచ్ విడుదల చేసింది. జేబిగ్2లో లాస్‌లెస్ పద్ధతి కూడా ఉంది, తప్పు పూర్తిగా ఫార్మాట్‌ది అనలేం. కానీ ఆ స్కాన్లు కూడా చూడ్డానికి మంచి పీడీఎఫ్‌లే కదండీ.

పీడీఎఫ్/ఏ అని ఒకటుంది, 2005లో ఐఎస్ఓ ప్రమాణమైంది, దీర్ఘకాలం దాచడానికే. ఫాంట్లు ఫైల్లోనే ఉండాలి, పాస్‌వర్డ్ పెట్టకూడదు లాంటి నియమాలు బాగుంటాయి, వాడమనే చెబుతాను. కానీ లోపలి బొమ్మను ఎంత నొక్కారో అది కూడా అడగదు. టిఫ్ అనే బొమ్మల ఫార్మాట్ 1986 నాటిది, గ్రంథాలయాలకు ఇష్టమైనది, ఒకే ఫైల్లో ఎన్ని పేజీలైనా పడతాయి, ఫోన్‌లో తెరవాలంటే మాత్రం చిరాకు. డెజావూ అని ఇంకొకటి అక్షరాలనూ వెనకాల కాగితాన్నీ వేరు పొరలుగా దాచి పుస్తకాలను భలే చిన్నగా చేసేది, పాపం దాన్ని పట్టించుకునేవాళ్లు తగ్గిపోయారు. పాత పుస్తకాల స్కాన్లు దాచే ఇంటర్నెట్ ఆర్కైవ్ సైట్ కూడా 2016లో దాన్ని తయారుచేయడం మానేసింది.

నా లెక్కలో అసలు సమస్య ఫార్మాట్ కన్నా అలవాటు. ఏదో దరఖాస్తుకు ఇన్ని కేబీలు దాటకూడదని ఉంటుంది, ఆ కొలతకే స్కాన్ చేస్తారు, తర్వాత అదొక్కటే మిగులుతుంది. ముందు టిఫ్‌లోనో పీఎన్‌జీలోనో ఒక మంచి కాపీ చేసుకుని, పంపాల్సినవి దాన్నుంచి ఎంత చిన్నవి కావాలంటే అంత చేసుకోవచ్చు. చేతిలో ఉన్న పీడీఎఫ్ సంగతి తెలియాలంటే పాప్లర్ అనే ఉచిత ప్యాకేజీలో పీడీఎఫ్‌ఇమేజెస్ అనే చిన్న టూల్ ఉంది, లిస్ట్ ఆప్షన్‌తో నడిపితే ఏ పేజీలో జేపెగ్ (అంటే జేపీజీయే) ఉందో, ఎక్కడ జేబిగ్2 ఉందో వరసగా చూపిస్తుంది.

చివరగా మిమ్మల్నే ఒకటి అడగాలి. అమెరికాలో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ పాత వార్తాపత్రికల ప్రాజెక్టులో ప్రతి పేజీకీ కంప్రెస్ చేయని గ్రే టిఫ్ ఒకటి, జేపెగ్ 2000 అనే వేరే ఫార్మాట్‌లో ఒకటి, వెతకడానికి వీలుగా అక్షరాలున్న పీడీఎఫ్ ఒకటి తప్పనిసరిగా ఉండాలంటారు. మీ పాత సంచికలను స్కాన్ చేయించే ఉంటారు, పాఠకులకు కనిపించే పీడీఎఫ్‌లు కాకుండా వాటి వెనక అసలు కాపీలు ఏ రూపంలో ఉన్నాయో ఒకసారి మీ టెక్నాలజీ పేజీలోనే రాయగలరా?

ఇట్లు,
మీ పాఠకుడు