పోర్ట్ సూడాన్ నుంచి నాన్నగారికి

పోర్ట్ సూడాన్,
2025 జూన్ 15.

పూజ్యులైన నాన్నగారికి, అమ్మకు, మామ్మకు నమస్కారాలు.

నేనిక్కడ క్షేమంగా ఉన్నాను. ఫోను చేసినప్పుడల్లా మధ్యలో లైను తెగిపోతోంది. తెగకపోయినా, అమ్మ ఏడుపు వింటూ నేను చెప్పదలచుకున్నది చెప్పలేకపోతున్నాను. అందుకే రేపు ఇంటికి బయలుదేరుతున్న శ్రీకాకుళం వారొకరి చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. "మామ్మ వాళ్ళన్నయ్య బర్మాలోని రంగంలో (రంగూన్‌లో) ఉండిపోయినట్టు నువ్వూ అక్కడే ఉండిపోతావురా" అని మీరు మొన్న అన్న మాట వారం రోజులుగా నన్ను వదలడం లేదు. దానికి జవాబు చెప్పవలసిన బాధ్యత నాకుంది.

మీ భయం అకారణమని నేననను. 2023 ఏప్రిల్ 15న ఖార్టూమ్‌లో సైన్యానికీ ఆర్.ఎస్.ఎఫ్. అనే పారామిలిటరీ దళాలకూ యుద్ధం మొదలైనప్పుడు, నేను ఖార్టూమ్ పక్కనున్న బహ్రీలో కుళాయి కూడా రాని గదిలో పది రోజులు గడిపి, బస్సులో 800 కిలోమీటర్లకు పైగా ప్రయాణించి ఈ ఊరికే చేరాను. ఇక్కడి రేవులోనే, మనవాళ్ళను తరలించే ఆపరేషన్ కావేరి కింద వచ్చిన మన నౌకాదళం ఓడ ఎక్కి, జెద్దా మీదుగా ఇల్లు చేరాను. విశాఖ స్టేషన్‌లో మీరు నన్ను పట్టుకుని ఏడ్చిన సంగతి మరిచిపోలేదు. తరువాత ఏడాదిపాటు గాజువాక ఆటోనగర్‌లో షెడ్డు షెడ్డూ తిరిగినా నిలకడైన పని దొరకలేదు. పాత యజమాని ఇవ్వవలసిన ఐదు నెలల జీతం ఇప్పటికీ రాలేదు. చెల్లి ఇంజనీరింగు ఫీజుకు తెచ్చిన అప్పు మీద వడ్డీ పెరుగుతూ ఉండగా, 2024లో జనరేటరు మెకానిక్కుగా మళ్ళీ ఇక్కడికి వచ్చింది డబ్బు కోసమేనని ఒప్పుకుంటాను. కాని గత నెల తరువాత కూడా ఇక్కడే ఉండటానికి కారణం వేరు.

మే 4న ఈ ఊరి మీద మొదటిసారి డ్రోన్లు పడ్డాయి. రెండేళ్ళుగా యుద్ధం అంటని చోటని ప్రభుత్వమూ, విదేశీ రాయబార కార్యాలయాలూ, దేశం నలుమూలల నుంచి ఇళ్ళు వదిలిన జనమూ ఇక్కడికే చేరారు. రెండు మూడు రోజుల్లోనే విమానాశ్రయం, చమురు నిల్వలు, రేవు, విద్యుత్ ఉపకేంద్రం దెబ్బతిన్నాయి. చమురు ట్యాంకుల నల్లటి పొగ ఊరంతా కమ్మింది. కరెంటు పోయింది. మేము జనరేటరు చూసే ఆసుపత్రిలో డయాలసిస్ గది, పసిపిల్లల వార్డు, నీటి పంపు అన్నీ ఒక్క 250 కేవీఏ జనరేటరు మీదే నడిచాయి. నిరుడు ఆగస్టులో అర్బాత్ ఆనకట్ట తెగినప్పటి నుంచి ఈ ఊళ్ళో నీటికి కటకటే. గాడిదబండి మీద పీపాలతో అమ్మే నీళ్ళు కొనుక్కునేవారే ఎక్కువ. గత నెలలో ఖార్టూమ్‌లో విద్యుత్ కేంద్రాల మీద డ్రోన్లు పడితే పంపులు ఆగాయి, శుద్ధి చేసిన నీళ్ళు లేక జనం దొరికిన నీళ్ళు తాగారు, వేల మందికి కలరా సోకింది. అందువల్ల ఇక్కడ జనరేటరు మెకానిక్కు రాత్రి నిద్రపోయినా చెవి ఒకటి ఇంజిన్ మీదే ఉంటుంది.

250 గంటలకొకసారి మార్చవలసిన ఇంజిన్ ఆయిల్ 500 గంటలు వాడుతున్నాం. ఫిల్టర్లు దొరకవు. హబూబ్ అనే దుమ్ముగాలి వచ్చి వెళ్ళిన తరువాత ఎయిర్ ఫిల్టరు విప్పి, అరచేతి మీద మెల్లగా తట్టి, లోపలి నుంచి బయటికి గాలి కొట్టి, దీపానికి ఎదురుగా పట్టుకుని చూస్తాం. కాగితం మడతల్లోంచి వెలుతురు సమంగా కనిపిస్తే మళ్ళీ బిగిస్తాం, ఒక్కచోట సూదిమొనంత చుక్క మెరిసినా పక్కన పెట్టేస్తాం.

ఆ దీపం పట్టుకునే కుర్రవాడి గురించే మీకు ముఖ్యంగా రాయాలి. వయసు 23. డార్ఫూర్‌లోని ఎల్ ఫాషర్ అతని ఊరు. నన్ను "బాష్ ముహందిస్" అంటాడు, అంటే ఇంజనీరు గారని. అతని తల్లి, అక్క, అక్క కొడుకు ఆ ఊరి దగ్గరున్న జంజం నిర్వాసితుల శిబిరంలో తలదాచుకున్నారు. ఈ ఏప్రిల్‌లో ఆర్.ఎస్.ఎఫ్. ఆ శిబిరాన్ని ఆక్రమించినప్పుడు తల్లి మనవణ్ణి ఎత్తుకుని నడిచి తవీలా అనే ఊరు చేరింది. అక్క జాడ తెలియలేదు. జీతం రాగానే ఇక్కడందరూ వాడే బంకక్ అనే ఫోను యాప్‌లో తవీలాలోని ఒక వ్యాపారికి డబ్బు పంపుతాడు. ఆయన తన కమీషను తీసుకుని మిగిలిన నోట్లు తల్లి చేతికి ఇస్తాడు. రాత్రి డ్యూటీలో అల్లం వేసిన కాఫీ కాచి నాకొక కప్పు ఇచ్చి, తన కప్పు పక్కన ఫోను పెట్టుకుంటాడు. అక్కకు పంపిన సందేశాల వరుస కిందికి జరుపుతూ చూస్తాడు. అన్నింటికీ ఒక్క టిక్కే. "తిన్నావా?" అని రోజుకొకటి పంపుతూనే ఉన్నాడు. అంతలో ఇంజిన్ శబ్దం మారితే నాకంటే ముందు లేచేది అతనే.

పోయిన వారం అతనితో రెడ్ క్రాస్ లాంటి సంస్థ అయిన రెడ్ క్రెసెంట్ వారి కార్యాలయానికి వెళ్ళాను. విడిపోయిన బంధువులను వెతకడానికి వారొక దరఖాస్తు రాయించుకుంటారు. అక్క పేరు, తండ్రి పేరు, తాత పేరు, చివరిసారి చూసిన చోటు అన్నీ అతను తడబడకుండా చెప్పాడు. అది వింటూ ఉంటే నాకు మామ్మ గుర్తొచ్చింది. 1964లో బర్మా ప్రభుత్వం దుకాణాలన్నీ స్వాధీనం చేసుకుని, 50, 100 చాట్ల నోట్లు చెల్లవన్నాక, పదిహేడేళ్ళ మామ్మ అమ్మానాన్నలతో ఓడెక్కి విశాఖలోని మన బర్మా క్యాంపుకు వచ్చింది. బియ్యం మిల్లులో పనిచేసే అన్నయ్య, రావలసిన కూలి వసూలు చేసుకుని వెనక ఓడకు వస్తానన్నాడు. కొన్నేళ్ళు ఉత్తరాలు వచ్చాయి, తరువాత రాలేదు. ఆయన ఎందుకు ఉండిపోయాడని మన ఇంట్లో తప్పుపట్టడమే విన్నాను కాని, ఆయన కోసం ఎవరైనా ఒక కాగితం రాశారని వినలేదు. ఇది మిమ్మల్ని నొప్పించడానికి అనడం లేదు నాన్నగారూ. ఆ రోజుల్లో క్యాంపులో పూట గడవడమే కష్టమని నాకు తెలుసు.

నేను దీపావళికి ఇంట్లో ఉంటాను. ఈలోగా ఈ కుర్రవాడు ఫ్యూయల్ పంపు, ఇంజెక్టర్లు తనంతట తాను విప్పి బిగించగలగాలి. ఇంకొక ఇద్దరికి నేర్పగలగాలి. అంతవరకు ఉండనివ్వమని అడుగుతున్నాను. మీరు ఖండితంగా వద్దంటే బయలుదేరి వస్తాను, కాని అనవద్దని వేడుకుంటున్నాను. నెట్‌వర్క్ లేకపోతే గంటకింతని ఇచ్చి స్టార్‌లింక్ ఉపగ్రహ ఇంటర్నెట్ ఉన్న దుకాణం నుంచైనా ప్రతి శుక్రవారం కబురు పంపుతాను. చెల్లి ఫీజు 20వ తేదీలోగా అందుతుంది. బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారికి అమ్మ మొక్కుకున్న మొక్కు నేనే వచ్చి తీరుస్తాను.

ఒక్క పని చేసిపెట్టండి. మామ్మ దగ్గర వాళ్ళన్నయ్య పూర్తి పేరు, రంగంలో ఉన్న వీధి, మిల్లు ఉన్న చోటు అడిగి పంపండి. మయన్మార్‌లోనూ 2021 నుంచి యుద్ధం నడుస్తోంది కనుక జవాబుకు ఎంతకాలం పడుతుందో చెప్పలేను. అయినా దరఖాస్తు రాస్తాను. ఆ వీధి పేరు మామ్మ బర్మా మాటలోనే పలుకుతుంది. తొందరపెట్టకుండా చెల్లిని పక్కన కూర్చోబెట్టి, మామ్మ పలికినది పలికినట్టే రాయించండి.

ఇట్లు,
మీ పెద్దబ్బాయి