మావాడి చొక్కా గుండీల సంగతీ రాయండి

సంపాదకులకు నమస్కారం.

పోయిన నెల మీ జిల్లా పేజీలో ‘అద్భుత బాలుడు’ అని ఫొటోతో ఒక వార్త వేశారు. ఆ బాలుడు మా అబ్బాయే. ఏ తారీఖు చెప్పినా అది ఏ వారమో టక్కున చెప్తాడని రాశారు. నిజమే. 1947 ఆగస్టు 15 అంటే శుక్రవారం, 1956 నవంబర్ 1 అంటే గురువారం. విలేకరి ఫోన్‌లో చూసుకునే లోపే చెప్పేశాడు. ఎట్లా చెప్తున్నావురా అంటే వాడికీ తెలియదు.

నేను టైలర్‌ని. వాడికి పద్నాలుగేళ్లు, ఆటిజం (మెదడు ఎదుగుదలలో తేడా) ఉంది. ఇప్పటికీ చొక్కా గుండీ పెట్టుకోవడం రాదు. గుండీని కాజా దాకా తెస్తాడు, అక్కడ వేళ్లు మాట వినవు, రెండు నిమిషాలు చూసి చొక్కా విప్పి విసిరేస్తాడు. అందుకే వాడి చొక్కాలకు లోపల వెల్క్రో వేసి, పైన ఉత్తుత్తి గుండీలు కుడతాను. ఫొటోలో కనిపించినవి అవే! దారం రీలు తెమ్మని యాభై ఇచ్చి పంపితే, నోటు కొట్టులో పెట్టి రీలు మరిచి వస్తాడు. ఇవన్నీ మీ విలేకరికి చెప్పాను. ఒక్క ముక్క కూడా రాలేదు.

‘మరో శకుంతలా దేవి’ అని మాత్రం వచ్చింది. ఆమె 1980 జూన్‌లో లండన్‌లో 13 అంకెల సంఖ్యలు రెండింటిని 28 సెకన్లలో గుణించారు. అదే ఏడాది జనవరిలో మా మెదక్‌లో ఇందిరా గాంధీ మీద పోటీ చేశారు. మా నాన్న ఆ ముచ్చట ఇప్పటికీ చెప్తాడు. ఎక్కడికైనా వెళ్లి తన పని తాను చక్కబెట్టుకున్న మనిషి ఆమె. మావాడికి ఆమెతో పోలికేంటి?

పోల్చాలనుకుంటే అమెరికాలో కిమ్ పీక్ అని ఒకాయన ఉండేవాడు. వేల పుస్తకాలు నోటికి వచ్చేవట. మెదడు రెండు భాగాలను కలిపే నరాల కట్ట పుట్టుకతోనే లేదు. చొక్కా గుండీలు పెట్టుకోవడం ఆయనకూ కష్టమే. 2009లో 58 ఏళ్ల వయసులో పోయేదాకా తండ్రే చూసుకున్నాడు. నేను చదివి ఆగిపోయింది ఆ తండ్రి దగ్గరే.

వార్త వచ్చిన పదిహేను రోజులకు వైకల్య సర్టిఫికెట్ కోసం సదరం క్యాంపుకు వెళ్లాం. మా బంధువు ఒకాయన మురిపెంగా మీ పేపర్ కటింగ్ తీసి చూపించాడు. అక్కడ కూర్చున్న డాక్టరు గారు చదివి, ‘ఇంత తెలివైన పిల్లాడికి సర్టిఫికెట్ ఎందుకయ్యా’ అన్నారు. మావాడిని ఆయన పుట్టిన తారీఖుకు వారం అడిగి, సంతోషపడి, మళ్లీ రమ్మని పంపేశారు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఆటిజం ఉంది. తారీఖులు చెప్పగలిగితే లెక్కలోకి రాదని అందులో ఎక్కడా లేదు.

మిమ్మల్ని తప్పుపట్టడం కాదు. ఫొటో చూసి వాళ్లమ్మ ఎంత మురిసిందో నాకు తెలుసు. కటింగ్ ఇంకా దేవుడి పటం పక్కనే ఉంది. కానీ ఇలాంటి పిల్లల గురించి ఇంకోసారి రాసేటప్పుడు వాళ్లకు ఏది రాదో కూడా నాలుగు లైన్లు వేయండి. చుట్టాలిళ్లలో పెళ్లిళ్లకు వెళ్తే వాడిని మధ్యలో నిలబెట్టి తారీఖులు అడుగుతున్నారు, వాడు చెవులు మూసుకున్నా వదలడం లేదు. అదీ రాయండి.

మళ్లీ క్యాంపు వచ్చే నెల. ఈసారి వెల్క్రో చొక్కా వేయను. నిజం గుండీల చొక్కా ఒకటి కుట్టి పెట్టాను, అది సంచిలో తీసుకెళ్లి డాక్టరు గారి ముందే వాడికి ఇస్తాను.

– ఒక తండ్రి, మెదక్
(పేరు వేయవద్దని మనవి)