ఆ ‘ముప్పై ఏళ్లు’ ఎక్కడివి?

సంపాదకులకు,

కృత్రిమ తుంటి కీలుకు కొత్త పదార్థం కనుగొన్నారనీ, అది ముప్పై ఏళ్లు అరగదనీ పత్రికల్లో తరచూ చదువుతున్నాం. ఆ ముప్పై ఏళ్లు రోగుల్లో చూసి చెప్పినవి కావు. సిమ్యులేటర్ అనే యంత్రంలో కీలును ఆడించి, అరుగుదలను తూచి, లెక్కగట్టినవి. ఎలా ఆడించారో రాయని వార్తలో ఆ అంకెకు విలువ లేదు.

ఈ పరీక్షకు అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్ఓ 14242 ప్రకారం సుమారు సెకనుకోసారి, గరిష్ఠంగా 3000 న్యూటన్ల భారంతో, కీలును 50 లక్షల సార్లు తిప్పాలి. ఒక్కో కాలికి ఏడాదికి పది లక్షల అడుగులనుకుంటే అది ఐదేళ్ల నడక. మిగతా పాతికేళ్లు గ్రాఫు మీద గీత పొడిగించి చెప్పేవే.

కీలును ముంచే ద్రవం దగ్గరే సగం తప్పులు జరుగుతాయి. నీళ్లు పోస్తే, కీలులోని పాలిఎథిలీన్ అనే ప్లాస్టిక్ కప్పు నుంచి ఒక పొర అందులో తిరిగే లోహపు బంతికి అంటుకుంటుంది. శరీరంలో అలా జరగదు. అందుకే పశువుల సీరంను (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవాన్ని) లీటరుకు 30 గ్రాముల ప్రొటీన్ ఉండేలా పలుచన చేసి వాడతారు. 37 డిగ్రీల వేడిలో అది త్వరగా చెడిపోతుంది. సూక్ష్మజీవులు పెరగకుండా సోడియం అజైడ్, బంతిపై కాల్షియం ఫాస్ఫేట్ పేరుకోకుండా ఈడీటీఏ కలుపుతారు. 5 లక్షల సార్లకోసారి ద్రవం మార్చాల్సిందే.

తూకంలో మరో చిక్కుంది. కప్పును అల్ట్రాసోనిక్ తొట్టిలో కడిగి, వాక్యూంలో ఆరబెట్టి, 0.1 మిల్లీగ్రాము తేడా పట్టే త్రాసులో పెడతారు. కానీ పాలిఎథిలీన్ ద్రవాన్ని పీల్చుకుంటుంది. తక్కువ అరిగే రకమైతే అరిగిన బరువు కన్నా పీల్చుకున్న బరువే ఎక్కువై, వాడిన కప్పు బరువు పెరిగినట్టు కనిపిస్తుంది! అందుకని మరో కప్పును అదే ద్రవంలో, అదే భారం కింద, కదపకుండా ఉంచి, దాని బరువు ఎంత పెరిగిందో చూసి సరిచేయాలి. ఇది చేయని ఫలితాన్ని పక్కన పెట్టేయొచ్చు.

కదలిక దిశ కూడా ముఖ్యమే. ఒకే దిశలో రుద్దితే పాలిఎథిలీన్ అణుగొలుసులు ఆ దిశకే సర్దుకుని గట్టిపడతాయి, అరుగుదల నామమాత్రంగా కనిపిస్తుంది. నడకలో రుద్దుడు అడ్డంగా, వంకరగా కూడా సాగుతుంది కనుక గొలుసులు తెగుతాయి. రాలిన రేణువుల్లో ఎక్కువ మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) కంటే చిన్నవి. వాటిని మింగిన మాక్రోఫేజ్ అనే రోగనిరోధక కణాలు ఎముకను కరిగించే కణాలను రేపుతాయి, కీలు వదులవుతుంది.

లోహం మీద లోహం ఆడే కీళ్లు కూడా యంత్రంలో బాగా తక్కువ అరిగినవే. రోగుల్లో కప్పు నిటారుగా కూర్చున్నచోట అంచు మీద భారం పడి, కోబాల్ట్, క్రోమియం రక్తంలోకి చేరాయి. 2010లో అలాంటి ఒక రకాన్ని ప్రపంచమంతటా వెనక్కి పిలిచారు. అంచు భారంతో పరీక్షించే విధానం ఆ తర్వాతే ప్రమాణంలో చేరింది.

స్వీడన్ 1979 నుంచి తుంటి మార్పిడులను నమోదు చేసే రిజిస్ట్రీ నడుపుతోంది. ఏ కీలును ఎన్నేళ్లకు మళ్లీ మార్చాల్సి వచ్చిందో అలాంటి చోటే తెలుస్తుంది. యంత్రపు ఫలితం రాసినప్పుడు ద్రవం, ఎన్ని సార్లు తిప్పారు, కప్పు వాలు ఎంత అన్నవి ఒక్క వాక్యంలోనైనా ఇవ్వండి. రిజిస్ట్రీలో కనీసం పదేళ్ల ఫలితం లేని కీలుకు ‘ముప్పై ఏళ్లు’ అన్న శీర్షిక పెట్టకండి.

ఇట్లు,
ఒక బయోమెటీరియల్స్ ఇంజనీరు