జార్జ్‌టౌన్ సమాధుల తోట సంరక్షణకు విరాళాల విజ్ఞప్తి

ప్రభువునందు ప్రియమైన సంఘ సభ్యులకు, వాషింగ్టన్, మేరీలాండ్, వర్జీనియా ప్రాంతాల్లోని తెలుగు విశ్వాసులందరికీ వందనాలు.

నవంబరు 2న సమాధుల పండుగ. మన ఊళ్లలో ఆ రోజుకల్లా తోటలో గడ్డి పీకి, సమాధులకు సున్నం కొట్టి, పూలదండలు, కొవ్వొత్తులు సిద్ధం చేస్తారు. ఇక్కడ ఉన్న మనలో చాలామందికి ఆ పని చేసే వీల్లేదు, మన పెద్దల సమాధులు సముద్రాల అవతల ఉన్నాయి. అందుకే ఈ ఏడు మన కానుకలను ఇక్కడి నల్లజాతి క్రైస్తవుల పాత సమాధుల తోట ఒకదానికి ఇవ్వాలని కమిటీ తీర్మానించింది.

వాషింగ్టన్ నగరంలోని జార్జ్‌టౌన్‌లో రాక్ క్రీక్ వాగు వైపు దిగే వాలులో సుమారు మూడెకరాల నేల అది. నిజానికి పక్కపక్కనే ఉన్న రెండు తోటలు. మొదటిది 1808లో అక్కడి మెథడిస్టు సంఘం మొదలుపెట్టినది. ఆ సంఘంలో తెల్లవారూ నల్లవారూ ఉండేవారు. వివక్ష భరించలేక 1816లో నల్లజాతి విశ్వాసులు విడిగా కూడుకోవడం మొదలుపెట్టారు. నేటి మౌంట్ జాయన్ సంఘం అదే. 1849లో పక్కనే ఓక్ హిల్ శ్మశానం తెరిచాక తెల్ల కుటుంబాలు చాలావరకు తమవారి అవశేషాలను తవ్వించుకుని అక్కడికి తరలించాయి. తర్వాత 1879లో ఈ నేలను మౌంట్ జాయన్ సంఘం 99 ఏళ్ల కౌలుకు తీసుకుంది.

రెండో తోట సంగతి మన స్త్రీల సమాజం సోదరీమణులు ప్రత్యేకంగా వినాలి. 1842లో దాస్యం లేని నల్లజాతి స్త్రీలు కొందరు ఫిమేల్ యూనియన్ బ్యాండ్ సొసైటీ అనే సమాజంగా ఏర్పడ్డారు. జబ్బుపడితే ఒకరినొకరు చూసుకోవాలి, చనిపోతే గౌరవంగా భూస్థాపన చేయాలి, ఇదీ వాళ్ల ఒప్పందం. అందుకోసమే ఈ భూమి సంపాదించారు. వాషింగ్టన్‌లో బానిసత్వం రద్దయింది 1862 ఏప్రిల్ 16న. అంటే, అదే ఊళ్లో మనుషులనే సొత్తుగా లెక్కగడుతున్న కాలంలో ఆ తల్లులు తమ చనిపోయినవారికి సొంత నేల సమకూర్చుకున్నారు! పరదేశి అయిన అబ్రాహాము శారా సమాధి కోసం మక్పేలా పొలాన్ని ఊరికే పుచ్చుకోనని, పూర్తి వెల తూచి ఇచ్చాడు. ఆ విశ్వాసమే వీళ్లలోనూ మాకు కనిపిస్తోంది.

తోటలో వాలుకు ఆనుకుని ఇటుకలతో కట్టిన చిన్న గది ఒకటి ఉంది. చలికాలంలో నేల గడ్డకట్టి గొయ్యి తవ్వడం కుదరనప్పుడు శవపేటికలను అందులో ఉంచేవారు. బానిసత్వం లేని ఉత్తరానికి పారిపోయే బానిసలు దాక్కున్నది కూడా అందులోనేనని అక్కడి పెద్దలు తరతరాలుగా చెబుతున్నారు. మరోచోట ఒక చిన్న రాయి మీద 'నానీ' అని మాత్రమే పేరుంది, ఇంటిపేరు లేదు. 1856లో ఏడేళ్ల వయసులో చనిపోయిన పాప. ఎవరి బిడ్డో తెలియకపోయినా వచ్చేవాళ్లు ఇప్పటికీ ఆ రాయి దగ్గర బొమ్మలు పెట్టి వెళ్తున్నారు.

ఇరవయ్యో శతాబ్దంలో జార్జ్‌టౌన్‌లో ఇళ్ల ధరలు పెరిగి, నల్లజాతి కుటుంబాలు అక్కడ నిలవలేక చెదిరిపోయాయి. 1950 తర్వాత భూస్థాపనలు ఆగిపోయాయి. తోట చూసే దిక్కు లేక ముళ్లపొదలు కమ్మాయి. ఎముకలు తవ్వి వేరేచోటికి తరలించి, అక్కడ భవనాలు కట్టాలని కూడా చూశారు. సంఘస్థులూ వారసులూ పోరాడి అడ్డుకున్నారు. 1975లో ఈ స్థలం జాతీయ చారిత్రక స్థలాల జాబితాలో చేరింది. అయినా జాబితాలో పేరుంటే గడ్డి దానంతటదే తెగదు కదా. చాలా రాళ్లు ఇప్పటికీ వాటి వాటి చోట్ల లేవు. పైనుంచి వచ్చే వాననీరు వాలును కోసేస్తోంది.

"మన ఆరాధన మందిరానికే అప్పుంది, ఈ ఖర్చు మనకెందుకు?" అని కమిటీలో కొందరు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. భారతీయులు ఇక్కడికి రావడానికి దారి తెరిచిన 1965 వలస చట్టం పౌరహక్కుల ఉద్యమం నడుస్తున్న రోజుల్లోనే వచ్చింది. జాతిని బట్టి మనిషిని తూచకూడదని నల్లజాతివారు దెబ్బలు తిని సాధించిన మార్పులో మనమూ భాగం అందుకున్నాం. వాళ్ల అవ్వల సమాధులు నీళ్లపాలవుతుంటే మన అప్పు తీరేదాకా ఆగమనడం మాకు సబబు అనిపించలేదు.

వచ్చే సొమ్మంతా తోట బాగోగులు చూస్తున్న లాభాపేక్షలేని సంస్థకే ఇస్తాం. మన సంఘం ఖర్చులకు ఒక్క డాలరు కూడా వాడం. పడిపోయిన రాళ్లు నిలబెట్టడానికి, వాననీటి కాలువకు, చెట్లూ గడ్డీ చూసుకోవడానికి ఖర్చు చేయమని కోరతాం. లెక్క సంఘ కూటంలో చదివి వినిపిస్తాం.

అక్టోబరు చివరి ఆదివారం ప్రత్యేక కానుక పడతాం. చెక్కు ఇచ్చేవారు కింద 'సమాధుల తోట' అని రాసి కోశాధికారికి ఇవ్వండి. ఐదు డాలర్లయినా ఆనందంగా తీసుకుంటాం. సండే స్కూల్ పిల్లల చేత కూడా వాళ్ల సొంత డబ్బులోంచి వేయించండి. ఇవ్వలేనివారు తోట శుభ్రం చేసే శనివారం మాతో రండి. చేతి తొడుగులు, మంచినీళ్లు తెచ్చుకోండి. రాళ్లను మాత్రం అక్కడివాళ్లు చెప్పకుండా కదపకండి.

ప్రభువు సేవలో,
సంఘ కమిటీ, స్త్రీల సమాజం