పీడియాట్రిషన్‌లో పాదం లేదు

తల్లిదండ్రులకు నమస్కారం.

ఎనిమిదో తరగతి ఇంగ్లీషు పరీక్షలో ‘పీడియాట్రిషన్’ అంటే ‘పాదాల డాక్టరు’ అని రాసినవాళ్లకు అర మార్కు వేశాం. సున్నా వేయాల్సిందని కొందరు, పూర్తి మార్కు ఎందుకివ్వరని కొందరు వారం రోజులుగా గ్రూపులో వాదిస్తున్నారు, రాత్రి పదకొండు దాటాక కూడా. అందుకే ఈ ఉత్తరం.

జవాబు తప్పే. పీడియాట్రిషన్ అంటే పిల్లల డాక్టరు. కానీ ఆ తప్పులో ఆలోచన ఉంది. పెడల్, పెడెస్ట్రియన్ మాటల్లో ఉన్నది పాదానికి లాటిన్ మాట; మన ‘పాదం’ దానికి దూరపు చుట్టం. పీడియాట్రిషన్‌లో ఉన్నది మాత్రం గ్రీకు ‘పైస్’, అంటే బిడ్డ. సమాసంలో అది ‘పైడ్’ అవుతుంది. దాని పక్కన ‘ఇయాట్రోస్’, వైద్యుడు. గ్రీకు ‘ఐ’ లాటిన్‌లో ఏ, ఈ అనే జంట అక్షరాలైంది. బ్రిటిష్ స్పెల్లింగు ఆ జంటను ఉంచుకుంది, అమెరికన్లు ‘ఏ’ తీసేశారు. దాంతో బిడ్డ, పాదం ఒకేలా కనిపిస్తున్నాయి.

మాటను విరిచి చూడటం పిల్లలకు రావాలి, బట్టీ కంటే వంద రెట్లు నయం. తోక నుంచి మొదలుపెట్టమనండి. తోక గ్రీకుదైతే తల కూడా సాధారణంగా గ్రీకుదే. గ్రీకులో పాదం ‘పోడ్’, కాబట్టి పాదాల డాక్టరు పోడియాట్రిస్ట్. ఈ సూత్రం ఒక్కోసారి బోల్తా కొడుతుంది: పెడోమీటర్‌లో తోక గ్రీకుది, తల లాటిన్ పాదం. అందుకే చివర్లో డిక్షనరీ తెరవాలి. అర్థం దగ్గరే ఆగకుండా బ్రాకెట్లో ఇచ్చిన పుట్టుక కూడా చదవాలి.

ఏడో తరగతి అమ్మాయిలిద్దరు సరిగ్గా అలాగే చదివి, ఆర్థోపెడిక్‌లో ఉన్నదీ బిడ్డేనని పట్టుకున్నారు! 1741లో ఫ్రెంచి వైద్యుడు నికొలా ఆండ్రీ పిల్లల ఒంటి వంకరలు సరిచేయడానికి కట్టిన పేరది: ‘ఆర్థోస్’ తిన్ననిది, ‘పైడియోన్’ చిన్నబిడ్డ. ఇప్పుడు అక్కడ తాతయ్యలు మోకాళ్లు చూపించుకుంటున్నారు. మరో అబ్బాయి ఆయుర్వేదం ఎనిమిది అంగాల్లో ఒకటైన కౌమారభృత్యాన్ని, అంటే పిల్లల వైద్యం పేరును, విరిచాడు. ‘భృ’ అంటే మోయడం, పోషించడం. ఆ పేరులో వైద్యుడే లేడు, పెంపకమే ఉంది. ఈ ముగ్గురినీ ఎంత మెచ్చుకున్నా తక్కువే.

ఇక పిల్లలు కొత్త మాటలకు అర్థాలు రాయాల్సిన పద పుస్తకాలు. కొన్నింటిలో దస్తూరీ ముత్యాల్లా ఉంది, పెద్దలకు అభినందనలు. ఇకపై ఆ శ్రమ పిల్లలకే వదిలేయగలరు. పిల్లలు మాట అడగ్గానే ఫోన్ తీసి అర్థం చదివేయకండి. విన్నది మర్నాటికి ఉండదు.

సోమవారం ఐడీ కార్డులిస్తాం. ఫీజు రసీదులు డైరీలో ఉన్నాయి, చూసుకోండి.

అర మార్కు మారదు. వచ్చే పరీక్షలో ‘పెడగాగ్’ అడుగుతాం. దయచేసి గ్రూపులో జవాబు పెట్టకండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు