నిమ్మ గజ్జి తెగులు: ఆదివారం కత్తిరింపులు

సభ్యులందరికీ నమస్కారం. వానలు తెరిపిచ్చాయి కనుక, శంషాబాద్ నిమ్మతోటలో గజ్జి తెగులు సోకిన కొమ్మలను ఈ ఆదివారం ఉదయం 9 గంటలకు, ఆకుల తడి ఆరాక కత్తిరిద్దాం. గోధుమరంగు గరుకు పొక్కు, దాని చుట్టూ పసుపు వలయం కనిపిస్తే అదే గజ్జి. ఈ తెగులు తెచ్చే బ్యాక్టీరియా గాలివాన చినుకులతో చెట్టు నుంచి చెట్టుకు చేరి, ముళ్లు గీరిన చోటా ఆకుతొలుచు పురుగు చేసిన గాట్లలోనూ లోపలికి దిగుతుంది. మన కత్తెరలూ దాన్ని మోస్తాయి.

అందుచేత ఎవరి కత్తెర వారే తెచ్చుకొని, చెట్టు మారినప్పుడల్లా స్పిరిట్‌తో తుడవాలి. మందు కన్నా ఈ శుభ్రతే ముఖ్యమని నా గట్టి నమ్మకం. కోసిన కొమ్మలనూ రాలిన ఆకులనూ ఏరి కాల్చేశాక, లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే రాగి మందు కలిపి పిచికారీ చేద్దాం.

రాలేనివారు శనివారం సాయంత్రంలోగా తెలియజేయగలరు. ఆకులు తిప్పి చూడకుండా కొత్త మొక్కలేవీ దయచేసి తోటలోకి తేకండి.