ఏ మత్తుమందు వల్ల పోయారో రాయించండి: ఆరోగ్య మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తమిళనాడు ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. ఉత్తర చెన్నైలో తరతరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబం మాది. ఈమధ్య మా వీధిలో పాతికేళ్ళు నిండని కుర్రాడు పోయాడు. బంధువులకు గుండెపోటని చెప్పారు. టపెంటడాల్ అనే నొప్పి మాత్రలు నలిపి, నీళ్ళలో కలిపి సూదితో ఎక్కించుకునేవాడని ఇరుగుపొరుగుకు తెలుసు. ఆ రాత్రి గట్టిగా గురక పెడుతుంటే, ఇవాళైనా కంటినిండా పడుకున్నాడని వాళ్ళమ్మ దుప్పటి కప్పిందట. మత్తు ఎక్కువై ఊపిరి ఆగిపోయే ముందు అలాగే గురక రావచ్చని ఆ తల్లికి చెప్పినవాళ్ళే లేరు.

పోస్ట్‌మార్టం లేకుండా సాగనంపిన ఇలాంటి చావులు ఏ లెక్కలోకీ రావు. జాతీయ నేర గణాంకాల సంస్థ మత్తుమందు మోతాదు మించి పోయినవారిని దేశం మొత్తమ్మీద ఏటా కొన్ని వందలుగా చూపిస్తోంది. ఓపియాయిడ్లు, అంటే నల్లమందు, హెరాయిన్, టపెంటడాల్ లాంటి మందులు, వాడేవారు రెండు కోట్లకు పైనే ఉన్నారని 2019లో వచ్చిన ఎయిమ్స్ సర్వే చెప్పింది. అంతమందిలో పోయేది ఇంత కొద్దిమందేనంటే నేను నమ్మలేను. మిజోరం, నాగాలాండ్‌లలో వాడకం దేశ సగటుకు ఎన్నో రెట్లని కూడా అదే సర్వే తేల్చింది. రాష్ట్రాల మధ్యే అంత తేడా ఉంటే మా ఉత్తర చెన్నైలోని వ్యాసర్పాడికీ దక్షిణ చెన్నైలోని అడయారుకూ మధ్య ఎంతుందో మన దగ్గర లెక్క ఉండాలి కదండీ.

అమెరికాలో మరణ ధ్రువపత్రంలో మందు పేరు రాస్తారు. మొదట డాక్టర్లు రాసిచ్చిన నొప్పి మాత్రలు, 2010 నుంచి హెరాయిన్, 2013 నుంచి ఫెంటనిల్ అనే మరింత శక్తివంతమైన ఓపియాయిడ్ ప్రాణాలు తీస్తున్నాయని వాళ్ళు పసిగట్టింది అందువల్లే. 2022లో మాదకద్రవ్యాల మరణాలు అక్కడ దేశమంతటా లక్ష జనాభాకు సుమారు 33 ఉంటే, వెస్ట్ వర్జీనియాలో 80 దాటాయి. ఓపియాయిడ్ మత్తును విరిచే నలోక్సోన్ అనే మందు ఎక్కడ ముందు పంచాలో ఆ అంకెలే చెబుతాయి. 2023లో లక్షా 5 వేలున్న మరణాలు 2024లో 80 వేల దరిదాపులకు దిగాయి. దానికి నలోక్సోన్ ఒక్కటే కారణమని అనను, కానీ ఆగిపోతున్న ఊపిరిని నిమిషాల్లో తిరిగి తెప్పించే మందది. మన జాతీయ అత్యావశ్యక మందుల జాబితాలోనూ ఉంది. పక్కనుండేవాళ్ళ చేతికీ అందాలని 2014లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది.

అయ్యా, అనుమానాస్పదంగా పోయిన ప్రతి యువకుడి విసెరా (లోపలి అవయవాల పరీక్ష) రిపోర్టులో మందు పేరు తేల్చి, పేర్లు బయటపెట్టకుండా జోన్లవారీగా లెక్కలు ప్రకటించండి. ప్రతి 108 బండిలోనూ, బస్తీ ఆరోగ్య కేంద్రంలోనూ నలోక్సోన్ ఉండేలా చూడండి. సాయం కోసం ఫోన్ చేసిన స్నేహితుణ్ణి పోలీసులు కేసులో ఇరికించరని హోంశాఖతో మాట్లాడి ఉత్తర్వు ఇప్పించండి. ఆ భయంతోనే పిల్లలు పడిపోయినవాణ్ణి వదిలేసి పారిపోతున్నారు.

ఇట్లు,
ఉత్తర చెన్నై నివాసి